పెద్ద స్క్విడ్‌కి శాటిలైట్ ట్యాగ్: ఎక్కడ బిగించాలి, ఏ డేటా నమ్మాలి?

ప్రశ్న (నిజాంపేట, హైదరాబాద్):
అరేబియా సముద్రంలో దొరికే పెద్ద స్థెనోట్యూథిస్ స్క్విడ్‌లకి పాప్-అప్ ట్యాగులు (గడువు తీరాక ఊడి పైకి తేలి, శాటిలైట్‌కి డేటా పంపేవి) వేయాలని ప్రతిపాదన రాస్తున్నాం. ట్యూనాకి వాడే డార్ట్‌నే (ట్యాగ్‌ని పట్టి ఉంచే మొనదేలిన ముక్క) మాంటిల్‌లో (స్క్విడ్ ఒంటి కండర సంచి) గుచ్చితే నిలుస్తుందా? లైటు రీడింగులతో రోజువారీ స్థానం తెలుస్తుందా?

జవాబు 1:
డార్ట్ వద్దండీ. ట్యూనాలో అది ముళ్ల మధ్య ఇరుక్కుని నిలుస్తుంది. స్క్విడ్ మాంటిల్‌లో ముల్లే లేదు. నీళ్లు చిమ్మిన ప్రతిసారీ ఆ కండరం బిగుసుకుంటుంది, గాయం సాగి డార్ట్ ఊడిపోతుంది. లోతుగా దిగితే మొప్పలకే ప్రమాదం.

అంచులు గుండ్రంగా అరగదీసిన పల్చటి ప్లాస్టిక్ పలక తీసుకుని, రెక్క మాంటిల్‌ని కలిసే మందపాటి చోట రెండు నైలాన్ పిన్నులతో బిగించండి. అవతలి వైపు వాషర్ వేయాలి, కొంచెం వదులు ఉంచాలి. మరీ బిగిస్తే కింది కండ చచ్చిపోతుంది. మాంటిల్ 50 సెం.మీ. దాటినవే ఎంచుకోండి, చిన్నవి ట్యాగ్‌ని ఈడ్వలేవు.

పని నడుస్తున్నంతసేపూ కళ్లమీద తడిగుడ్డ కప్పి, మాంటిల్‌లోకి సన్నటి గొట్టంతో సముద్రపు నీరు వదలాలి. వదిలేముందు నీళ్లలోనే తల పైకి ఉండేలా పట్టుకుంటే లోపల చిక్కిన గాలి బుడగలుగా పోతుంది. గాలి మిగిలితే అది మునగలేక పైనే తేలుతుంది. పడవ లైట్లు ఆర్పేసి వదలండి. వెలుగు చుట్టూ గుంపు ఉంటే నీరసించినదాన్ని తోటి స్క్విడ్‌లే కొరికేస్తాయి.

జవాబు 2:
లైటుతో స్థానం ఆశించకండి. పగలు లోతులో ఉండి సంధ్యవేళ పైకొస్తుంది, కాబట్టి స్థానం లెక్కకి కావాల్సిన సూర్యోదయ, సూర్యాస్తమయాల వెలుగు వంపు రికార్డులో చెదిరిపోతుంది. వదిలిన చోటు, ట్యాగ్ తేలిన చోటు మాత్రమే నమ్మండి. అసలు విలువ లోతు, ఉష్ణోగ్రతలదే.

ట్యాగ్ డేటా పంపే ఆర్గోస్ శాటిలైట్ వ్యవస్థలో సందేశం ఒక్కోటి 32 బైట్లు మించదు, అందుకే గడువు 15–20 రోజులు పెట్టి రీడింగుల మధ్య వ్యవధి తగ్గించండి. ఒకే లోతులో రెండు రోజులు కదలకపోతే విడిపోయే సెట్టింగ్ తప్పనిసరి. చచ్చి మునిగితే అక్కడ అడుగు 3000 మీటర్లు దాటుతుంది, ట్యాగ్ తట్టుకోదు. లోతు మితిమీరితే ట్యాగ్ తీగను తెంచే రక్షణ పరికరం కూడా పెట్టించండి.

జవాబు 3:
లోతు మారుతూ, పగలు పైకి వచ్చినప్పుడు కూడా లైటు సున్నా చూపిస్తే ట్యాగ్‌ని ఏదో మింగినట్టే. ఎంత లోతుకెళ్లినా వేడి తగ్గకపోతే తిమింగలం కావచ్చు. ఆ భాగం విశ్లేషణలోంచి తీసేయండి.

మిగిలిన లోతు రికార్డుని మన ఇన్‌కాయిస్‌లో (హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం) దొరికే ఆర్గో ఫ్లోట్‌ల (సముద్రంలో మునిగి తేలుతూ కొలతలు తీసే పరికరాలు) ఆక్సిజన్ ప్రొఫైళ్లతో, అంటే లోతు వారీ కొలతలతో పోల్చండి. పసిఫిక్‌లో ఉండే హంబోల్ట్ స్క్విడ్‌లు పగలు ఆక్సిజన్ తక్కువున్న పొరల్లోకి దిగుతాయని ట్యాగులే చూపించాయి. అరేబియా సముద్రంలో ఆ పొర ఇంకా మందం, ఈ ప్రతిపాదనకి అదే బలం.

ట్యాగ్ చేతికొస్తే పూర్తి రికార్డు దొరుకుతుంది. అందుకని స్టిక్కర్‌పై ఫోన్ నంబరు, బహుమతి వివరం మలయాళం, కన్నడ, మరాఠీ, గుజరాతీల్లో అచ్చు వేయించండి.