సిరోసిస్ లేని లివర్‌లో గడ్డ: కోసే ముందు సూది వెయ్యాలా, వద్దా?

లివర్_పీజీ
చర్చ కోసం ఒక కేసు పెడుతున్నాను. 31 ఏళ్ల స్త్రీ. మూడేళ్లుగా గర్భనిరోధక మాత్రలు వాడుతోంది. ఆరో సెగ్మెంట్‌లో 6.5 సెం.మీ. గడ్డ. మిగతా లివర్ బాగానే ఉంది, సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) లేదు. హెపటైటిస్ బి, సి నెగటివ్, ఏఎఫ్‌పీ (రక్తంలో చూసే లివర్ క్యాన్సర్ సూచిక) 3. ట్రైఫేజిక్ సీటీలో (కాంట్రాస్ట్ మందు ఎక్కించి మూడు దశల్లో తీసే స్కాన్) మందు ధమనుల్లో ఉండే ఆర్టీరియల్ ఫేజ్‌లో గడ్డ బాగా మెరిసింది, తర్వాతి పోర్టల్ ఫేజ్‌లో ఆ మెరుపు కొంచెం వెలిసింది (వాష్‌అవుట్). రిపోర్టులో అడినోమా (క్యాన్సర్ కాని గడ్డ, కొన్ని మారొచ్చు), ఎఫ్‌ఎన్‌హెచ్ (ప్రమాదం లేని లివర్ కణాల ముద్ద), హెచ్‌సీసీ (లివర్ క్యాన్సర్) మూడూ రాసి పెట్టారు. బయాప్సీ (సూదితో ముక్క తీసి పరీక్ష) చేయాలా, నేరుగా ఆపరేషన్‌కి తీసుకోవాలా? రెండు వైపులా గట్టిగా వాదించేవాళ్లున్నారు కాబట్టి కారణాలతో చెప్పండి.

కోత_కుట్టు
నా మాట సూటిగా చెప్తాను: వద్దు. హెచ్‌సీసీ అయితే సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు నాటుకుంటాయి. 2008లో వచ్చిన మెటా అనాలిసిస్ ఆ లెక్కని 2.7 శాతంగా చూపింది. చిన్న సంఖ్యలా కనిపిస్తుంది గానీ, పూర్తిగా నయం చేయగలిగిన మనిషికి పొట్ట గోడలో కొత్త గడ్డ మనమే పెట్టినట్టవుతుంది. అడినోమా అయితే రక్తనాళాలు పల్చగా, ఆధారం లేకుండా ఉంటాయి, గుచ్చితే రక్తస్రావం. పైగా 5 సెం.మీ. దాటిన అడినోమానైనా తీస్తాం, హెచ్‌సీసీనైనా తీస్తాం, ఫైబ్రోలామెల్లార్‌నైనా (చిన్న వయసులో వచ్చే అరుదైన లివర్ క్యాన్సర్) తీస్తాం. ఒక్క ఎఫ్‌ఎన్‌హెచ్‌ని మాత్రమే వదిలేస్తాం, దాన్ని తేల్చడానికి ఎంఆర్‌ఐ ఉంది.

నలుపు_తెలుపు
సార్, "ఎలాగూ తీసేదే" అన్న దగ్గరే నాకు అభ్యంతరం. 2016 యూరోపియన్ మార్గదర్శకాల ప్రకారం స్త్రీలో అడినోమా అనుకుంటే ముందు మాత్రలు ఆపి, బరువు తగ్గించి, ఆరు నెలల తర్వాత మళ్లీ ఎంఆర్‌ఐ తీయాలి. అప్పటికీ 5 సెం.మీ. లేదా అంతకంటే పెద్దగా ఉన్నా, వ్యాసం 20 శాతం పెరిగినా అప్పుడు తీయాలి. మాత్రలు ఆపితే కుంచించుకుపోయేవి చాలా ఉన్నాయి. మగవాళ్లలో మాత్రం సైజు చూడకుండా తీసెయ్యాల్సిందే.

ఇక ఆ సీటీ. వాష్‌అవుట్ ఉంది కాబట్టి హెచ్‌సీసీ అనే లెక్క సిరోసిస్ ఉన్నవాళ్లకీ, దీర్ఘకాలిక హెపటైటిస్ బి వాళ్లకీ పెట్టింది. లై-రాడ్స్‌ని (స్కాన్ చూసి హెచ్‌సీసీ అవకాశాన్ని లెక్కగట్టే పద్ధతి) ఈ పేషెంట్‌కి వాడకూడదు. మామూలు లివర్‌లో అడినోమా కూడా వెలుస్తుంది, యాంజియోమయోలైపోమా (రక్తనాళాలు, కండరం, కొవ్వు కలిసిన గడ్డ) కూడా వెలుస్తుంది.

కాబట్టి ముందు గాడోక్సెటేట్‌తో (లివర్ కణాలు పీల్చుకునే కాంట్రాస్ట్ మందు) సరైన ఎంఆర్‌ఐ కావాలి. డోసు కిలోకి 0.025 మిల్లీమోల్, అంటే 0.1 మి.లీ. ఇరవై నిమిషాల తర్వాత తీసే హెపటోబిలియరీ ఫేజ్ (మందు లివర్ కణాల్లోకి చేరిన దశ) అసలు విషయం చెప్తుంది. ఎఫ్‌ఎన్‌హెచ్‌లో పని చేసే హెపటోసైట్లు (లివర్ కణాలు) ఉంటాయి కాబట్టి మందుని పట్టుకుని తెల్లగా, లేదా అంచున ఉంగరంలా కనిపిస్తుంది. అడినోమా ఎక్కువగా నల్లబడుతుంది. ఇక్కడ పొరపాట్లు రెండు. ఒకటి, ఈ మందుకి కొందరికి ఆర్టీరియల్ ఫేజ్‌లోనే శ్వాస తడబడి బొమ్మ చెదిరిపోతుంది. ఆ ఒక్క ఫేజ్ పోతే మొత్తం చదువు తప్పుతుంది. రెండు, అడినోమాలోనే బీటా-కాటెనిన్ (ఆ జీన్‌లో మార్పు ఉన్న) రకం, ఇన్‌ఫ్లమేటరీ (వాపు) రకం కొన్ని మందుని పట్టుకుని ఎఫ్‌ఎన్‌హెచ్‌లా నటిస్తాయి. వాష్‌అవుట్‌ని కూడా పోర్టల్ ఫేజ్‌లోనే చదవాలి. మూడు నిమిషాల తర్వాత మామూలు లివర్ తానే తెల్లబడుతుంది, గడ్డ వెలిసినట్టు భ్రమ కలుగుతుంది.

మధ్యలో మచ్చ ఉంటే ఎంఆర్‌ఐలో టీ2 అనే బొమ్మ చూడండి. తెల్లగా ఉంటే ఎఫ్‌ఎన్‌హెచ్ వైపు, నల్లగా ఉండి సీటీలో కాల్షియం కనిపిస్తే ఫైబ్రోలామెల్లార్ వైపు. ఏఎఫ్‌పీ 3 ఉందని నిశ్చింతగా ఉండొద్దు, ఫైబ్రోలామెల్లార్‌లో అది సాధారణంగా పెరగదు.

కోత_కుట్టు
మేడమ్, ఆరు నెలలు ఆగడం నాకూ తెలుసు. కానీ హెచ్‌సీసీ అనే అనుమానం రిపోర్టులోనే ఉండగా ఆరు నెలలు ఆగమని ఏ ధైర్యంతో చెప్తాం?

నలుపు_తెలుపు
అందుకే సార్ సూది. ఆగడానికి ధైర్యం ఇచ్చేది అదే.

గాజు_పలక
పాథాలజీ వైపు నుంచి. సూది వేసేది ఉంటే సరిగ్గా వేసి పంపండి, లేకపోతే వేయకపోవడమే మంచిది.

ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్నటి సూదితో విడి కణాలు లాగడం) వద్దు. విడి కణాలు చూసి ఎఫ్‌ఎన్‌హెచ్, అడినోమా, బాగా డిఫరెన్షియేట్ అయిన (మామూలు కణాల్లాగే కనిపించే) హెచ్‌సీసీ మధ్య తేడా చెప్పలేం, మూడిట్లోనూ హెపటోసైట్లే. 17 గేజ్ కోఆక్సియల్ గొట్టం ఒక్కసారి దింపి, అందులోంచి 18 గేజ్‌తో రెండు మూడు ముక్కలు తీయండి. అప్పుడు లివర్ పొరకి ఒకటే చిల్లు పడుతుంది, సీడింగ్ (సూది దారిలో కణాలు నాటుకోవడం) భయం కూడా తగ్గుతుంది. గడ్డకి దూరంగా ఉన్న మామూలు లివర్ నుంచి ఒక ముక్క వేరే సీసాలో పంపండి. చాలామంది మరిచిపోయేది ఇదే. పక్కన పోల్చుకోవడానికి మామూలు లివర్ లేకపోతే ఎల్‌ఎఫ్‌ఏబీపీ (మామూలు లివర్ కణాల్లో ఉండే ప్రోటీన్) పోయిందో, రంగే సరిగా పట్టలేదో చెప్పడం కష్టం.

మేం ముందు చూసేది రెటిక్యులిన్ (కణాల వరసలకి ఆధారమిచ్చే నార) రంగు. ఆ నల్లటి అల్లిక తెగిపోయి, హెపటోసైట్ల వరసలు మూడు కణాల మందం దాటితే హెచ్‌సీసీ వైపు వెళ్తాం. గ్లుటమిన్ సింథెటేజ్ (ఒక ఎంజైమ్) రంగు దేశపటంలా పాయలు పాయలుగా పడితే ఎఫ్‌ఎన్‌హెచ్. ఎల్‌ఎఫ్‌ఏబీపీ పోతే హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ రకం అడినోమా, వీటిలో క్యాన్సర్ భయం తక్కువ. ఎస్‌ఏఏ, సీఆర్‌పీ (వాపు ప్రోటీన్లు) పడితే ఇన్‌ఫ్లమేటరీ రకం. గ్లుటమిన్ సింథెటేజ్ అంతటా దట్టంగా పడి, బీటా-కాటెనిన్ న్యూక్లియస్‌లో కనిపిస్తే అది ప్రమాదకరమైన రకం, సైజుతో పని లేకుండా తీయాలి. యాంజియోమయోలైపోమా ఎపిథీలియాయిడ్ రకమైతే హెచ్‌ఈ (మామూలుగా వేసే రంగు) స్లైడ్‌లో అచ్చం హెచ్‌సీసీలా ఉంటుంది. హెచ్‌ఎంబీ-45 రంగు వేయకపోతే తప్పు పేరు పడుతుంది. ఫైబ్రోలామెల్లార్ అయితే సీకే7, సీడీ68 రంగులు రెండూ పడతాయి, డీఎన్‌ఏజేబీ1–పీఆర్‌కేఏసీఏ ఫ్యూజన్ (రెండు జీన్లు అతుక్కోవడం) చూస్తే సందేహం తీరిపోతుంది.

కోత_కుట్టు గారి వాదనలో ఒక నిజం ఉంది. బీటా-కాటెనిన్ మార్పు గడ్డలో ఒక మూలే ఉండొచ్చు, అడినోమా లోపల చిన్న హెచ్‌సీసీ పుట్టి ఉండొచ్చు. సూది అక్కడికి వెళ్లకపోతే నా రిపోర్టు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

సీమ_సర్జన్
సూది మాట ఎత్తే ముందు ఒక్కటి. మన వైపు, ముఖ్యంగా గొర్రెలు, కుక్కలు కలిసి తిరిగే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలో హైడాటిడ్ (కుక్కల బద్దెపురుగు వల్ల వచ్చే తిత్తి) కాదని తేల్చుకోండి. పాతబడిన సీఈ4 దశ తిత్తి అల్ట్రాసౌండ్‌లో ఊలు ఉండలా గట్టిగా, అచ్చం గడ్డలా కనిపిస్తుంది. కానీ లోపల కాంట్రాస్ట్ ఎక్కదు. ఈ కేసులో ఎక్కింది కాబట్టి అది కాదు. బతికున్న తిత్తికి ఆల్బెండజోల్ (నులిపురుగుల మాత్ర) రక్షణ లేకుండా గుచ్చితే అనాఫిలాక్సిస్ (ప్రాణాంతకమైన అలర్జీ), తర్వాత పొట్టంతా పిల్ల తిత్తులు. అర్హమైన వాటికి పెయిర్ (సూదితో నీరు లాగి, పురుగుని చంపే ద్రవం పంపి, మళ్లీ లాగడం) చేస్తే కనీసం 4 గంటల ముందే ఆ మాత్ర పడాలి, ఆ తర్వాత నెల రోజులు సాగాలి. లాగిన నీటిలో పైత్యం కనిపిస్తే లోపలికి 20 శాతం సెలైన్ పంపకూడదు, పైత్యనాళాలు కాలిపోయి మూసుకుపోతాయి.

అసలు చర్చకి వస్తే, "ఏదైనా తీసేదే" అన్నారు గానీ, తీసే పద్ధతి ఒకటి కాదు సార్. అడినోమా అయితే గడ్డ చుట్టూ సన్నటి అంచుతో తీస్తే చాలు. హెచ్‌సీసీ అయితే ఆ సెగ్మెంట్ పోర్టల్ సిర కొమ్మతో సహా అనటామికల్‌గా తీయాలనుకుంటాం. ఫైబ్రోలామెల్లార్ అయితే హైలమ్ (లివర్‌లోకి నాళాలు వెళ్లే ద్వారం) లింఫ్ నోడ్లు కూడా తీయాలి, అది వాటికి బాగా పాకే రకం. పేరు తెలియకుండా టేబుల్ మీదకి వెళ్తే ఈ మూడిట్లో ఏ ఆపరేషన్ చేస్తారు?

కోత_కుట్టు
ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ మధ్యలోనే చేసే ముక్క పరీక్ష) ఉంది కదా అనబోయాను, కానీ అడినోమాకీ, బాగా డిఫరెన్షియేట్ అయిన హెచ్‌సీసీకీ ఫ్రోజెన్‌లో తేడా తెలియదని గాజు_పలక గారే అంటారు. నోడ్ల విషయం ఒప్పుకుంటున్నాను. ఎంఆర్‌ఐలో తేలని గడ్డకి, ప్లాన్ మారేటట్టుంటే, సూది వేయండి. నా షరతులు: ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే కొలత) 1.5 లోపు, ప్లేట్‌లెట్లు 50,000 పైన. గడ్డలోకి నేరుగా పొర మీంచి గుచ్చకండి, మధ్యలో కనీసం ఒక సెంటీమీటర్ మామూలు లివర్ దాటాలి. రక్తం వస్తే ఆ లివరే నొక్కి ఆపుతుంది. ఆరో సెగ్మెంట్‌కి పక్కటెముకల మధ్య నుంచి వెళ్లేటప్పుడు ప్లూరా (ఊపిరితిత్తుల పొర) కింద నుంచి, కింది పక్కటెముక పై అంచు ఆనుకుని వెళ్లండి. చర్మం మీద ఎక్కడ గుచ్చారో నోట్స్‌లో రాయండి. క్యాన్సర్ అని తేలితే ఆ దారి మీద కన్నేసి ఉంచాలి.

రెండు చోట్ల మాత్రం తగ్గను. హైలమ్ దగ్గర కొలాంజియోకార్సినోమా (పైత్యనాళ క్యాన్సర్) అనుమానం ఉండి, ట్రాన్స్‌ప్లాంట్ ఆశ ఉన్న పేషెంట్‌కి పొట్ట గుండా సూది వెయ్యొద్దు. మేయో క్లినిక్ ప్రోటోకాల్‌లో ఆ ఒక్క గుచ్చుడుతోనే మనిషి అర్హత పోతుంది. స్త్రీలో గోడలు కట్టిన తిత్తి, మ్యూసినస్ సిస్టిక్ నియోప్లాజమ్ (క్యాన్సర్‌గా మారగల జిగురు తిత్తి) అనిపిస్తే సూదీ వద్దు, పైకప్పు కోసి వదలడమూ వద్దు. మొత్తం తీయాలి, లేకపోతే తిరిగొస్తుంది.

లివర్_పీజీ
ఒకవేళ ఈ ఆరు నెలల్లో అడినోమా పగిలితే?

సీమ_సర్జన్
రాత్రికి రాత్రి రిసెక్షన్ చేయకండి. ముందు రక్తం ఎక్కించి, ఆర్టరీ ఎంబొలైజేషన్‌తో (రక్తం కారే ధమనిని లోపలి నుంచి మూసేయడం) ఆపండి. గడ్డకట్టిన రక్తం కరిగాక, మిగిలిన దాన్ని బట్టి నిదానంగా తీయొచ్చు. ఆ పేషెంట్‌కి, ఇంట్లోవాళ్లకి ఈ మాట ముందే చెప్పి పంపండి: ఉన్నట్టుండి కుడి పక్క నొప్పి, కళ్లు తిరగడం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఎంబొలైజేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే రావాలి.