అబ్‌స్కాండ్ అంటే పారిపోవడమేనా?

మా ఆఫీసులో ఒకబ్బాయి కొన్నాళ్లుగా రావట్లేదు, ఫోన్ ఎత్తట్లేదు. హెచ్‌ఆర్ వాళ్లు మెయిల్‌లో ‘అబ్‌స్కాండింగ్’ అని పెట్టారు. ఈ మాట నేను పేపర్లో నిందితుల గురించే చూశాను. ఉద్యోగికి కూడా వాడొచ్చా అండీ? తెలుగులో పరారీ అంటే సరిపోతుందా?

—

పరారీ అంటే సగమే వస్తుందండీ. దీని మూలం లాటిన్ ‘అబ్‌స్కాండెరె’, దాచడం అని. కాబట్టి ఊరు దాటక్కర్లేదు, అరెస్టు తప్పించుకోడానికి సొంతింటి అటక మీద నక్కి కూర్చున్నా అబ్‌స్కాండ్ అయినట్టే. కర్తారే కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది, దాక్కున్న చోటు తన ఇల్లే అయినా సరేనని. ఎస్కేప్‌కి ఈ గొడవ లేదు, మంటల్లోంచి ఎవరైనా ఎస్కేప్ అవ్వొచ్చు, అందులో తప్పేముంది? చట్టానికో, అప్పులవాళ్లకో జవాబు చెప్పాల్సినవాడు చెప్పకుండా మాయమైతేనే అబ్‌స్కాండ్. చీటీల డబ్బుతో ఉడాయించాడు అంటామే, అది దీనికి బాగా దగ్గర. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మాత్రం ‘అబ్‌స్కాండెడ్ విత్ ద మనీ’ అనాలి, ఆ ‘విత్’ మింగేస్తే తప్పు, ఎందుకంటే ఈ అర్థంలో ఇది అకర్మక క్రియ.

కోర్టులో ఇది చిన్న మాట కాదు. వారెంటుకు దొరక్కుండా తిరుగుతున్నాడని కోర్టు నమ్మితే కనీసం 30 రోజుల గడువిచ్చి హాజరు కమ్మని ప్రకటన ఇస్తుంది (పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 82, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 84), ఆస్తి జప్తుకూ దారి ఉంది. అలాంటి మాట తెచ్చి, చెప్పకుండా మానేసిన కుర్రాడికి తగిలించడం నాకు నచ్చదు. మన దేశంలో హెచ్‌ఆర్ వాళ్లకు అలవాటైపోయింది గానీ అమెరికాలో దాన్ని ‘జాబ్ అబాండన్‌మెంట్’ అంటారు, ఉద్యోగం వదిలేశాడు, అంతే. పాపం వాడు ఏ ఆస్పత్రిలో ఉన్నాడో!

—

అన్నా, మరి ఎలోప్? లేచిపోవడమేగా?

—

అదేలే తమ్ముడూ, ఇంట్లో చెప్పకుండా వెళ్లి పెళ్లి చేసుకోవడం. కానీ అమెరికా ఆస్పత్రుల్లో దానికి ఇంకో వాడుక ఉంది. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లు ఎవరూ చూడకుండా వార్డు దాటి వెళ్లిపోయే ప్రమాదం ఉంటే ‘ఎలోప్‌మెంట్ రిస్క్’ అని రాసుకుంటారు. అక్కడ నర్సుగా చేస్తున్నవాళ్లెవరైనా దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి మార్చి, ‘మీ తాతగారు లేచిపోయేలా ఉన్నారు’ అని మాత్రం ఇంటికి ఫోన్ చేయకండి.