గుండె కండరం మందమైన తమ్ముడికి మావాకామ్టెన్ అన్నారు. తెలిసినవాళ్లు చెప్పండి

బ్రాడీపేట అక్క:

మాది గుంటూరు. మా తమ్ముడికి 38 ఏళ్లు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. టిక్కీల మధ్య గబగబా నాలుగడుగులు వేస్తే ఆయాసం, అన్నం తిని మేడ ఎక్కితే గుండె పట్టేస్తుంది. ఎకో తీసి హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అన్నారు. గుండె మధ్య గోడ మందం 21 మిల్లీమీటర్లట. గ్రేడియంట్, అంటే రక్తం బయటికి పోయే దారిలో ఒత్తిడి తేడా, మామూలుగా 34, ముక్కినప్పుడు 82 అని రాశారు. మా నాన్నగారు 44 ఏళ్లకే పొలంలో ఉన్నపళంగా కూలిపోయి పోయారు.

మెటోప్రొలాల్ వాడుతున్నా ఆయాసం తగ్గలేదు. సర్జరీ గానీ, మావాకామ్టెన్ అనే మందు గానీ ఆలోచించుకోమన్నారు. అది గుండె పిండే బలాన్ని తగ్గించే మందట. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు. గుండె జబ్బు మనిషికి గుండె బలం తగ్గించడమేంటే అంటోంది. నాకూ అదే భయంగా ఉంది. నాకు పదకొండేళ్ల పాప ఉంది. దానికీ టెస్టులు చేయించాలా?

ఎకో గది, సూర్యారావుపేట:

అక్కా, నేను విజయవాడలో ఎకో టెక్నీషియన్ని. డాక్టర్ని కాదు. కానీ సుమారు 500 మందిలో ఒకరికి ఉండే జబ్బు కాబట్టి మా గదికి వస్తూనే ఉంటారు.

అమ్మగారికి ఇలా చెప్పండి. మీ తమ్ముడి గుండె నీరసపడి ఆయాసం రావడం లేదు, అతిగా పిండడం వల్ల వస్తోంది. గుండె కండరంలో మయోసిన్ అనే ప్రోటీన్ పక్కనున్న ఆక్టిన్ పోగును పట్టుకుని లాగి వదులుతుంది. అలా లాగినప్పుడే గుండె ముడుచుకుంటుంది. ఈ జబ్బులో, ముఖ్యంగా ఎంవైహెచ్7, ఎంవైబీపీసీ3 జన్యువుల్లో తేడా ఉన్నవాళ్లలో, విశ్రాంతిగా ఉండాల్సిన మయోసిన్ కూడా లాగడానికి సిద్ధమైపోతుంది. పిండడం ఎక్కువ, వదులవడం తక్కువ. వదులవకపోతే రక్తం సరిగా నిండదు. పైగా మందమైన గోడకి మైట్రల్ కవాటం రేకు వచ్చి ఆనుకుని, రక్తం బయటికి పోయే దారి ఇరుకవుతుంది. ఊపిరి బిగబట్టి ముక్కమంటాం చూడండి, అప్పుడు తెర మీద డాప్లర్ గీత బాకులా వంపు తిరిగి కిందికి దిగుతుంది. మీ రిపోర్టులో 82 అక్కడిదే.

మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. మావాకామ్టెన్ నేరుగా మయోసిన్ మీదే పనిచేస్తుంది. అమెరికాలో 2022 ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది. అంతకుముందు 251 మంది మీద చేసిన ఎక్స్‌ప్లోరర్ ట్రయల్‌లో, 30 వారాలకి ఆయాసం, శ్రమ చేయగల శక్తి అనుకున్నంత మెరుగైంది మందు వాడినవాళ్లలో 37 శాతానికి, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 17 శాతానికి. వాలర్ ట్రయల్‌లో అందరూ సర్జరీ దాకా వచ్చినవాళ్లే, 112 మంది. 16 వారాలయ్యాక ఇంకా సర్జరీ అవసరమున్నవాళ్లు, కావాలన్నవాళ్లు మందు వైపు 18 శాతం, ఉత్తి మాత్ర వైపు 77 శాతం. నాకు నమ్మకం కలిగించింది ఈ రెండోదే. అయితే ఇదంతా దారి అడ్డుపడిన రకానికి. అడ్డు లేని రకంలో మావాకామ్టెన్‌తో చేసిన పెద్ద ట్రయల్ 2025లో ఫలించలేదు.

అమ్మగారి భయమూ అర్థం లేనిది కాదు. బలం మరీ తగ్గితే హార్ట్ ఫెయిల్యూర్ వస్తుంది. అందుకే ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె నిండిన రక్తంలో ఒక్కో పిండుకి బయటికి పంపే శాతం, 55 కంటే తక్కువుంటే మొదలుపెట్టరు, 50 కిందికి దిగితే ఆపేస్తారు. మొదట్లో కొన్ని వారాలకోసారి ఎకో తప్పనిసరి. ఆయాసం తగ్గింది కదా అని ఎకో మానేస్తానంటే ఈ మందు జోలికే వెళ్లొద్దు.

ఇంకొకటి. ఉన్నపళంగా ప్రాణం పోవడాన్ని ఇది ఆపుతుందని ఎక్కడా రుజువు కాలేదు. నాన్నగారి సంగతి డాక్టరుగారికి చెప్పారా? ఇంట్లో చిన్న వయసులో అలా పోయినవాళ్లుంటే ఐసీడీ, అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం, పెట్టాలా అని వేరుగా చూస్తారు.

పటమట నుంచి:

అక్కా, నాకూ ఇదే జబ్బు. ఒక పెళ్లిలో నాకు ఛాతీ పట్టేస్తే ఎవరో మంచి మనసుతోనే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టారు. రెండు నిమిషాల్లో కళ్లు తిరిగి కుర్చీలోంచి జారిపోయాను. అడ్డు ఉన్నవాళ్లకి ఆ మాత్ర పడదు, రక్తనాళాలు వెడల్పయి అడ్డు ఇంకా పెరుగుతుంది. తమ్ముడి జేబులో జబ్బు పేరు, "సార్బిట్రేట్ ఇవ్వొద్దు" అని రాసిన చీటీ ఉంచండి. మన రోహిణి ఎండల్లో ఒళ్లు ఎండిపోయినా అంతే, నీళ్లు తాగుతూ ఉండమనండి. కడుపునిండా ఒకేసారి తినొద్దు.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఎవరైనా చదువుతుంటే ఒక మాట: గర్భంలో బిడ్డకి మావాకామ్టెన్ హాని చేయొచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే డాక్టరుకి చెప్పాలి.

బ్రాడీపేట అక్క:

చాలా థాంక్స్ అండీ. అమ్మకి చదివి వినిపించాను. "అతిగా పిండుతోందా" అని రెండుసార్లు అడిగింది. నాన్నగారి సంగతి ఇంకా చెప్పలేదు, ఈసారి చెబుతాం. తమ్ముడు రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటాడు, ఒమిప్రజోల్. అది ఆపాలా? పాప సంగతి కూడా చెప్పండి.

ఎకో గది, సూర్యారావుపేట:

మంచి పని చేశారు అడిగి. మావాకామ్టెన్‌ని కాలేయంలో ముఖ్యంగా సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ కరిగిస్తుంది. ఒమిప్రజోల్, ఎసోమిప్రజోల్ ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి, మందు ఒంట్లో పేరుకుపోతుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ సరిగా పనిచేయనివాళ్లు యూరప్ వాళ్లకంటే మన దేశంలో ఎక్కువ, దానికీ జన్యు పరీక్ష ఉంది. మీరుగా ఏదీ ఆపొద్దు, మార్చొద్దు. వేసుకునే ప్రతి మాత్ర స్ట్రిప్పూ సంచిలో వేసుకెళ్లి డాక్టరుగారి బల్ల మీద పెట్టండి, ఆయుర్వేదంతో సహా.

పాప కంటే ముందు మీరు ఎకో, ఈసీజీ చేయించుకోండి. తోబుట్టువు కాబట్టి, ఇది జన్యువుల్లో తేడా వల్ల వచ్చిందైతే ఆ తేడా మీకూ ఉండే అవకాశం సగానికి సగం. తమ్ముడి జన్యు పరీక్షలో తేడా స్పష్టంగా దొరికి, అది మీకు లేకపోతే పాపకి ఏ పరీక్షా అక్కర్లేదు. దొరక్కపోతే మీరు కొన్నేళ్లకోసారి ఎకో చేయించుకోవాల్సిందే, పాప గురించి అప్పుడు డాక్టరుగారు చెబుతారు. తమ్ముడికి పిల్లలుంటే మాత్రం వాళ్లని ఇప్పుడే చూపించండి.