హిల్‌స్ట్రీమ్ లోచ్‌లను ఎండాకాలం గట్టెక్కించడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మూడడుగుల ట్యాంకులో రెటిక్యులేటెడ్ హిల్‌స్ట్రీమ్ లోచ్‌లు పెంచుతున్నాను. వియత్నాం కొండవాగుల చేపలివి. రెక్కలు పళ్ళెంలా పరుచుకుని రాయికి అతుక్కుపోతాయి. అద్దం మీద పాకుతూ నాచు గీకుతుంటే పొట్టవైపున్న చిన్న నోరు ఆడటం బయటికి చక్కగా కనిపిస్తుంది. చూస్తూ కూర్చుంటే టైమే తెలియదు.

సమస్యల్లా వేడి. వీటికి 20 నుంచి 24 డిగ్రీలైతే హాయి. మా ఇంట్లో మధ్యాహ్నానికి నీళ్ళు 30 దాటుతున్నాయి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది కదా, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. రాళ్ళు వదిలేసి ఫిల్టర్ నీళ్ళు పడేచోటే గుమిగూడుతున్నాయి. మూత తీసి నీటి మీదకి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. ఉక్కపోత రోజుల్లో అదీ అంతగా పనిచేయడం లేదు, పైగా కరెంటు పోతే మరీ టెన్షన్. ఐసు వేయమంటున్నారు గానీ, ఒక్కసారిగా చల్లబడితే చేపలకు దెబ్బేమోనని భయం.

ట్యాంకు నీళ్ళను చల్లబరిచే మెషిన్, అదే చిల్లర్, కొనే స్తోమత లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వీటిని వేసవి దాటించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఏం చేశారో చెప్పండి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్‌పంపు సరిపోతుందా?

ఇంకో మాట, ట్యాంకులో నాచు అయిపోవస్తోంది. రాళ్ళను ఎండలో నీళ్ళ తొట్టిలో ఉంచి, నాచు పట్టాక మారుస్తున్నాను. ఉడికించిన ఆనపకాయ ముక్క ముట్టడం లేదు. మీరేం పెడుతున్నారు?