సమస్యాపూరణం: "యంత్ర మెరుగ ననెడి యతడె గురువు"

నిర్వాహకుడు (నెల్లూరు): ఈసారి ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం; పై మూడు పాదాలు మీరు పూరించాలి, పేరుకు బదులు ఊరు చాలు. సిస్టం మొరాయిస్తే వీధి వీధంతా పరిగెత్తేది ఒకాయన దగ్గరికే; 'కంప్యూటర్ పిచ్చోడివయ్యా' అంటే మాత్రం 'నాకేం తెలీదు' అంటాడు. ఆ వైరుధ్యం విప్పండి. లోపం, కారణం, మందు పద్యంలో కనబడాలి. ఉత్త పొగడ్తలొద్దు.

కావలి:
తేది వెనుక కేగి తెరువదు బ్యాంకన్న
బిళ్ళ యొకటి మార్చి పిలిచి చూపె;
ఖర్చు వంద లోపె; గర్వమే లేదాయె;
యంత్ర మెరుగ ననెడి యతడె గురువు.

నిర్వాహకుడు: తే-తె, బి-పి, ఖ-గ యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) కుదిరాయి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ 3 వోల్టులది. అది చచ్చిపోతే ప్లగ్గు తీసినప్పుడల్లా గడియారం వెనక్కి పోతుంది. బ్యాంకు సైటు అసలుదేనని చూపే సర్టిఫికెట్‌కు మొదలు, గడువు తేదీలుంటాయి. సిస్టం తేదీ వాటికి బయట పడితే బ్రౌజర్ లోపలికి పోనివ్వదు. బిళ్ళ మార్చాక, సిస్టం లేవగానే మొదట నడిచే బయోస్‌లో తేదీతో పాటు బూట్ వరుస (ఏ డిస్కు నుంచి మొదలవాలో) కూడా చూసుకోవాలి. "పిలిచి" యతి కోసం వచ్చిందని తెలిసిపోతోంది.

ఒంగోలు: అన్నా, వంద లోపు లెక్క డెస్క్‌టాప్‌కే. కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో బిళ్ళకు వైర్లు అతికించి ఉంటాయి, గుంజితే కనెక్టరే ఊడొస్తుంది.

చీమకుర్తి:
రాతి ధూళి మూసె రంధ్రాల, వేడెక్కె;
ఫ్యాను రెక్క బట్టి బ్రషున దులిపె;
పెసర గింజ యంత పేస్టుతో సరిజేసె;
యంత్ర మెరుగ ననెడి యతడె గురువు.

కందుకూరు: గ్రానైట్ యూనిట్ల ఆఫీసుల్లో అసలు రోగం ఇదే. రెక్క పట్టుకోకుండా బ్లోయర్ కొడితే ఫ్యాను గిర్రున తిరిగి బేరింగు పోవచ్చు; ఆ జాగ్రత్త రెండో పాదంలో భలే పడింది. ప్రాసెసర్ వేడి లాగే పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం మాత్రం రాలేదు.

నిర్వాహకుడు: పని బాగుంది, పూరణ అతకలేదు. ఇంత చేసినాయన 'ఎరుగను' అని ఎందుకంటాడు? పై మూడు పాదాల్లో జాడే లేదు.

ఆత్మకూరు:
ప్రింటరాగె ననగ భీతి యేల యటంచు
షట్టుడౌను కాదు బూటు సరిగ
చేయుమనుచు జెప్పి చిటికెలో నడిపించి
యంత్ర మెరుగ ననెడి యతడె గురువు.

నిర్వాహకుడు: రెండో పాదంలో యతిభంగం, ష-కు బూ చెల్లదు. "సరిగ బూటు" అని తిప్పండి, ష-స సరిపోతుంది.

ఒంగోలు: విషయం నిజమే. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా కెర్నెల్ (విండోస్ మూలభాగం), డ్రైవర్ల స్థితి డిస్కులో దాచి మళ్ళీ అదే తెస్తుంది. రీస్టార్ట్ అలా దాచదు. అప్పటికీ ప్రింటు కదలకపోతే సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ (ప్రింటు పనులను వరుసలో పెట్టేది) ఆపి, సిస్టం32లో స్పూల్ కింద ప్రింటర్స్ ఫోల్డర్ లోపలి ఫైళ్ళు తీసేసి, స్పూలర్ మళ్ళీ మొదలుపెట్టాలి. ఫోల్డర్‌ను మాత్రం తీసేయొద్దు.

ఉదయగిరి:
తెరను వచ్చు మాట తీరుగా చదువుము,
ఒకటె మార్చి చూడు మొక్కసారి,
మార్చు ముందు నకలు మరువక దాచుము
యంత్ర మెరుగ, ననెడి యతడె గురువు.

నిర్వాహకుడు: శభాష్! 'ఎరుగన్' అంటే తెలుసుకోవడానికి అని విరిచారు. 'తెలియదు' అనే మాటే ఎగిరిపోయింది. ఈ వారానికి ఇదే మేలైన పూరణ.

కావలి: ఒప్పుకున్నాం మాస్టారూ. కాకపోతే నకలు ఎక్కడ దాచాలో చెప్పలేదే? అదే డిస్కులో డీ డ్రైవ్‌లో పెడితే డిస్కు పోయిన రోజు రెండూ పోతాయి.

ఉదయగిరి: వేరే హార్డ్‌డిస్కులో అన్నా, కాపీ అవగానే కేబులు పీకేసి. ఆటవెలదిలో అంత చోటు లేదు, సీస పద్యం ఇస్తే రాస్తా.