డౌన్‌టన్ అబీ సినిమా చూడాలా, వద్దా?

ప్రశ్న: ఒక బ్రిటిష్ జమీందారీ కుటుంబం, వాళ్ల పనివాళ్ల కథ చెప్పే ఈ టీవీ ధారావాహిక 2015లో ముగిసింది; దాని 52 భాగాలూ రెండుసార్లు చూశాను. ఆ ముగింపు మనసులో పదిలంగా ఉంది. 2019లో వచ్చిన సినిమా చూస్తే అది చెదిరిపోతుందేమోనని భయం.

జవాబు: చూడండి. 1927లో బ్రిటన్ రాజు అయిదో జార్జి ఆ కుటుంబం భవనానికి రావడం చుట్టూ అల్లిన కథ పలచనే, ఒప్పుకుంటాను. కానీ చివర్లో, నృత్యం సందడికి దూరంగా కూర్చుని ఆ ఇంటి పెద్దావిడ వయొలెట్ తన అనారోగ్యం సంగతి మనవరాలు మేరీకి చెబుతుంది. అక్కడ వయొలెట్‌గా నటించిన మ్యాగీ స్మిత్ కళ్లనే చూడండి. ఆమె 2024లో కన్నుమూశాక ఆ సన్నివేశం మళ్లీ చూడబోయి సగంలోనే ఆపేశాను.

మరో జవాబు: ఇన్ని పాత్రలకు రెండు గంటలు ఏం సరిపోతాయి? రాజుగారి ఎదుట, వడ్డిస్తున్న సేవకుడు మోల్స్‌లీ నోరు జారడం మాత్రం మరచిపోలేను.

ప్రశ్న అడిగినవారు: ఈ రాత్రే అమ్మతో కలిసి చూస్తాను.