కొత్త విమాన ఇంజన్లు ఇంత తొందరగా షెడ్డుకు ఎందుకు వెళ్తున్నాయి? తెలిసినవాళ్లు చెప్పండి

బొబ్బిలి డీజిల్:

అందరికీ నమస్కారం. నాది బొబ్బిలి. డీజిల్ పంపులు, నాజిళ్లు కాలిబ్రేషన్ చేసే షాపు ఉంది. రాజాం, పార్వతీపురం నుంచి ట్రాక్టర్లు వస్తాయి, సాలూరు లారీలు అయితే చెప్పక్కర్లేదు.

పోయిన నెల మా చెల్లెలి కూతురి సీమంతానికి బెంగళూరు వెళ్లాలని విశాఖ నుంచి టికెట్లు తీశాను. అర్ధరాత్రి కారు కట్టించుకుని, పసుపు కుంకుమ, సారె మూటలతో ఎయిర్‌పోర్టుకు చేరితే, "సాంకేతిక కారణాల వల్ల ఫ్లైట్ రద్దు" అన్నారు. గట్టిగా అడిగితే కౌంటర్‌లో కుర్రాడు గొంతు తగ్గించి, "విమానానికి ఇంజన్ లేదండి, షాపుకు వెళ్లింది, ఎప్పుడొస్తుందో తెలీదు" అన్నాడు. కొత్త విమానాలు కదా బాబూ అంటే, కొత్తవాటికే ఈ గొడవ అన్నాడు.

నాకు అర్థం కానిది అదే. మా నాన్న కాలంనాటి కిర్లోస్కర్ ఇంజన్లు ఇప్పటికీ నా షాపుకొస్తాయి. రింగులు మారుస్తాం, మళ్లీ తిరుగుతాయి. కోట్ల రూపాయల ఇంజన్, పెద్ద పెద్ద ఇంజనీర్లు చేసింది, రెండు మూడేళ్లకే ఎలా దిగిపోతుంది? పోనీ, ఎక్కడం క్షేమమేనా? అహ్మదాబాద్ ప్రమాదం టీవీలో చూసిన దగ్గర్నుంచి మా అమ్మ విమానం అంటే చేతులు జోడిస్తోంది. దానికి తోడు ఇదివరకు ఎక్కినప్పుడు సీటు కింద కుక్క మొరిగినట్టు చప్పుడు వచ్చింది. "చూశావా, ఇంజన్ ఏడుస్తోంది" అని అప్పుడే అంది.

ఎర్రబస్సు:

ఇంజన్ లేదనేది వంక అన్నగారూ. 2025 డిసెంబర్‌లో వేల ఫ్లైట్లు ఆగిపోయినప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పారు. టికెట్లు అమ్మడం మీద ఉన్న శ్రద్ధ నడపడం మీద ఉండదు. విమానయాన మంత్రులుగా ముందు మన విజయనగరం అశోక్ గజపతిరాజు గారు, ఇప్పుడు మన సిక్కోలు రామ్మోహన్ నాయుడు గారు. ఇద్దరూ మనోళ్లే, మనకేటి ఒరిగింది? ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, పులిహోర కట్టుకోండి, హాయిగా దిగండి.

పేట పిల్ల:

అన్నయ్య గారూ, మాది నరసన్నపేట. హైదరాబాద్‌లో ఇంజన్ విడిభాగాల వర్క్‌షాపులో ఎన్‌డీటీ ఇన్‌స్పెక్టర్‌ని. విప్పిన భాగాల్లో కంటికి కనబడని పగుళ్లు వెతకడం నా పని: అల్ట్రాసౌండ్, ఎడ్డీ కరెంట్, రంగు పూసి అతినీలలోహిత కాంతిలో చూడటం. "మా పాప విమానాలకు స్కానింగ్ తీస్తాది" అని మా అమ్మ ఊళ్లో చెప్తుంది. నా విజిటింగ్ కార్డు కంటే అదే నయం.

ముందు ఎర్రబస్సు గారికి. ఆ డిసెంబర్ గొడవ ఇంజన్లది కాదు, పైలట్ల డ్యూటీ గంటల కొత్త నిబంధనలది. రెండూ కలిపేస్తే అసలు విషయం దొరకదు. కౌంటర్ కుర్రాడు చెప్పింది మాత్రం నమ్మదగ్గదే. విమానం ఉంటుంది, పైలట్ ఉంటాడు, రెక్క కింద ఇంజన్ ఉండదు. కొన్నేళ్లుగా ప్రపంచమంతా ఇదే బాధ.

ఎక్కువ పేరు పడింది ప్రాట్ అండ్ విట్నీ వాళ్ల గేర్డ్ టర్బోఫాన్ ఇంజన్‌కి. ఎయిర్‌బస్ ఏ320నియోలో వాడేదాన్ని పీడబ్ల్యూ1100జీ అంటారు. 2016 జనవరిలో లుఫ్తాన్సాతో సర్వీసులోకి వచ్చింది. ముందుండే పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరగాలి, వెనక వేడి వాయువుల తోపుడుకు తిరిగే టర్బైన్ వేగంగా తిరగాలి. పాత ఇంజన్లలో రెండూ ఒకే షాఫ్ట్ మీద ఉండేవి కాబట్టి రెండూ రాజీపడేవి. వీళ్లు మధ్యలో సుమారు మూడుకి ఒకటి నిష్పత్తిలో గేర్‌బాక్స్ పెట్టారు. ఇంధనం 16 శాతం దాకా ఆదా, చప్పుడు కూడా తక్కువ. అప్పట్లో అందరి టెన్షన్ ఆ గేర్‌బాక్స్ మీదే. వేల హార్స్‌పవర్ మోసే గేర్లు గాల్లో ఎన్నాళ్లుంటాయి అని. తమాషా ఏమిటంటే గేర్‌బాక్స్ నిలబడింది. ఏడిపించినవి దాని చుట్టూ ఉన్న, అందరికీ ఎప్పట్నుంచో తెలిసిన భాగాలు.

మొదట స్టార్టింగ్ గొడవ. ఇంజన్ ఆపాక లోపలి వేడి పైకి చేరి షాఫ్ట్ పైభాగం ఎక్కువ సాగుతుంది, కిందిభాగం చల్లబడుతుంది. షాఫ్ట్ వెంట్రుకవాసి వంగుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే బ్లేడ్లు కేసింగ్‌ను రాసుకుంటాయి. అందుకని మంట పెట్టకుండా కాసేపు ఊరికే తిప్పాలి. మొదట్లో దీనికే ఐదారు నిమిషాలు పట్టేది. మొదటి విమానం తీసుకోవాల్సిన ఖతార్ ఎయిర్‌వేస్ వద్దు పొమ్మంది. ఇది తర్వాత చాలావరకు సర్దుకుంది.

2018లో కంప్రెసర్ (గాలిని నొక్కి లోపలికి పంపే భాగం) వెనక ఉండే ఒక సీల్‌తో గొడవ. అహ్మదాబాద్ నుంచి లక్నో బయల్దేరిన ఇండిగో విమానం మార్చి 12న ఇంజన్ ఆగి వెనక్కి వస్తే, అదే రోజు డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) ఇండిగోవి 8, గోఎయిర్‌వి 3 విమానాలను నేల మీద నిలబెట్టింది. (అశోక్ గజపతిరాజు గారు మంత్రి పదవికి రాజీనామా చేసింది కూడా ఆ నెలలోనే, కానీ అది ప్రత్యేక హోదా విషయం, ఇంజన్లది కాదు. ఎర్రబస్సు గారు ఇవి కూడా కలిపేస్తారేమో అని చెప్తున్నా.) 2019లో లో ప్రెషర్ టర్బైన్ మూడో వరస బ్లేడ్లు, విమానం పైకెక్కేటప్పుడు విరిగేవి. ఇండిగో 97 విమానాల్లో పాత ఇంజన్లు మార్చి తీరాలని డీజీసీఏ గడువు పెట్టింది. ఆ ఏడాదే ఇండిగో కొత్తగా వచ్చే విమానాలకు సీఎఫ్ఎం అనే వేరే కంపెనీ లీప్ ఇంజన్లు ఎంచుకుంది.

అసలు దెబ్బ 2023 జులైలో. నా పనికి దగ్గరగా ఉన్నది ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

టర్బైన్ బ్లేడ్లు ఒక డిస్కుకు గుచ్చి ఉంటాయి. లోపలి డిస్కులు నిమిషానికి ఇరవై వేల చుట్లకు అటూఇటుగా తిరుగుతాయి. మామూలు పోత లోహం ఆ వేడికి, ఆ లాగుడుకి ఆగదు. అందుకని నికెల్ మిశ్రమాన్ని కరిగించి, గాలి చొరని చోట తుంపరలుగా చల్లి, మెత్తటి పొడి చేస్తారు. ఆ పొడిని వేడితో, ఒత్తిడితో ముద్ద చేసి, కొట్టి డిస్కు ఆకారం తెస్తారు. లోపం ఆ పొడిలో ఉంది. అరిసెల పిండిలో ఇసుక నలుసు పడితే అరిసె ఎక్కడ పట్టుకున్నా తేడా తెలీదు, పంటి కిందకు వచ్చినప్పుడే తెలుస్తుంది. ఇక్కడా అంతే, పరాయి పదార్థం నలుసు కలిసిన చోట, అనుకున్నదానికంటే చాలా ముందు పగులు మొదలవుతుంది. 2015 చివరి నుంచి 2021 దాకా తయారైన డిస్కులన్నీ అనుమానంలో పడ్డాయి. ఏ డిస్కులో నలుసు ఉందో, ఏది శుభ్రంగా ఉందో బయటి నుంచి చెప్పలేం. ఇంజన్ దింపి, విప్పి, డిస్కును కోణం మార్చి మార్చి అల్ట్రాసౌండ్‌తో చూడాలి.

బ్లేడు విరిగితే బయటకు పోకుండా పట్టుకునేలా కేసింగ్‌ను తయారుచేస్తారు, పరీక్షలో కావాలని బ్లేడు విరగ్గొట్టి మరీ చూస్తారు. డిస్కు ముక్కలైతే ఏ కేసింగూ ఆపలేదు. అందుకే డిస్కు విషయంలో "చూద్దాంలే" అనేది ఉండదు. 2022 డిసెంబర్‌లో ఒక ఏ320నియో టేకాఫ్ పరుగులో ఉండగా కంప్రెసర్ ఏడో వరస రోటర్ విరిగింది. పైలట్లు ఆపేశారు. నలుసు వ్యవహారం ఎంత దూరం వెళ్లిందో తేలింది దాని తర్వాతే.

మీ "రెండు మూడేళ్లకే ఎలా" అన్న ప్రశ్నకు: ఇంధనం ఆదా కావాలంటే లోపలి వేడి, ఒత్తిడి పెంచాలి. ఇప్పుడు బ్లేడు చుట్టూ ఉండే గాలి వేడి ఆ బ్లేడు లోహం కరిగే వేడిని దాటిపోయింది. బ్లేడుకున్న సన్న రంధ్రాల్లోంచి చల్లటి గాలి పొరలా రావడం వల్లే అది బతుకుతోంది. పాత సీఎఫ్ఎం56 ఇంజన్లు కొన్ని రెక్క నుంచి దించకుండా 30 వేల గంటలు తిరిగాయి, ఎందుకంటే వాటికి ఊపిరి పీల్చుకునే చోటు ఉండేది. కొత్తవాటిలో ఆ చోటంతా ఆదా కింద ఖర్చయిపోయింది. నా దృష్టిలో ఇది ఇంజనీర్ల తెలివితక్కువ కాదు, అమ్మకాల తొందర. ముందు అమ్మేసి, మన్నిక సంగతి తర్వాత ప్రయాణికుల సమయంతో సరిచేస్తున్నారు.

ఉద్దానం టు దోహా:

మంచి వివరణ అమ్మా. మాది కవిటి, ఖతార్‌లో ఉంటాను. ఇక్కడ ఇసుక దుమ్ముకు మా ఏసీలే ఆర్నెల్లు ఉండవు. ఈ ఇంజన్లు ఎలా తట్టుకుంటున్నాయి? లీప్ ఇంజన్లకు ఏ గొడవా లేదా?

పేట పిల్ల:

బాబాయ్ గారూ, తట్టుకోవడం లేదు, అదే సంగతి. ఎడారి దుమ్ములో ఉండే కాల్షియం, సిలికా లాంటివి లోపలి వేడికి కరిగి గాజులా బ్లేడుకు అంటుకుంటాయి. చల్లగాలి రంధ్రాలు మూసుకుపోతాయి, పై పూత ఊడుతుంది. గల్ఫ్‌లో, ఉత్తర భారతంలో తిరిగే ఇంజన్లు యూరప్‌లో తిరిగేవాటి కంటే ముందే దిగుతాయి. లీప్‌కూ ఈ బాధ ఉంది. ఏ320నియోకి వాడే లీప్‌లో హై ప్రెషర్ టర్బైన్ బ్లేడునే మార్చి కొత్తది తెచ్చారు, 2024 చివర్లో అనుమతి వచ్చింది. ఇంధనం నాజిళ్లకు మసి పట్టడం ఇంకొకటి, అది మన బొబ్బిలి అన్నయ్యకు చెప్పక్కర్లేదు. ఇంజన్ ఆపాక నాజిల్‌లో మిగిలిన ఇంధనం వేడికి బొగ్గవుతుంది. ఆ వేడి తగ్గించడానికి ఆపిన తర్వాత కూడా గాలి పంపే ఏర్పాటు ఇప్పుడు పెడుతున్నారు. రోల్స్ రాయిస్ ట్రెంట్ 1000 అయితే 2018లో బోయింగ్ 787లను పెద్ద సంఖ్యలో ఆపింది, అక్కడ కంప్రెసర్ బ్లేడ్ల పగుళ్లు, టర్బైన్ బ్లేడ్ల తుప్పు. ఎవరి ఇల్లూ చల్లగా లేదు.

బొబ్బిలి డీజిల్:

అమ్మా, నాజిల్ బొగ్గు సంగతి చదివి షాపులో కుర్రాళ్లకు కూడా వినిపించాను. రెండు సందేహాలు. లారీ ఇంజన్ నేను మూడు రోజుల్లో విప్పి బిగించి ఇస్తాను. మీ వాళ్లకు ఎందుకంత కాలం? రెండోది మా అమ్మకు ఏం చెప్పను? ఇంకో మాట, మా వాడు మెకానికల్ డిప్లొమా చివరి ఏడాది. ఈ పనుల్లోకి రావాలంటే?

పేట పిల్ల:

విప్పి బిగించడానికి మాకూ అంత కాలం పట్టదు అన్నయ్యా. బిగించడానికి కొత్త డిస్కులు దొరకవు. అవి కొత్త ఇంజన్లకూ కావాలి, రిపేరుకు వచ్చినవాటికీ కావాలి, చేసే ఫోర్జింగ్ ప్రెస్సులు ప్రపంచంలో కొన్నే. 2023లో ప్రాట్ కంపెనీయే రెక్క నుంచి దింపి మళ్లీ ఎక్కించడానికి 300 రోజుల దాకా పట్టొచ్చని చెప్పింది. క్యూలో ఊరికే కూర్చునే కాలమే అందులో ఎక్కువ. గో ఫస్ట్ (పాత గోఎయిర్) తన 54 విమానాల్లో సగం ఇలా నిలబడిపోయాయని చెప్పి 2023 మేలో దివాలా పిటిషన్ వేసింది, మళ్లీ ఎగరలేదు. ఇండిగోవి ఒక దశలో డెబ్భైకి పైగా ఆగాయి. వాళ్లు బతికింది లీప్ ఇంజన్ల విమానాలు, అద్దె విమానాలు ఉండబట్టి.

అమ్మగారికి ఇలా చెప్పండి. అహ్మదాబాద్‌లో కూలింది బోయింగ్ 787, దాని ఇంజన్లు జీఈ కంపెనీవి, ఈ గొడవలో ఉన్నవి కావు. 2025 జులైలో వచ్చిన ప్రాథమిక నివేదిక ప్రకారం రెండు ఇంధన స్విచ్‌లూ కటాఫ్‌కు మారాయి, ఎందుకన్నది అందులో తేల్చలేదు. ఇక టేకాఫ్ పరుగులో ఒక నిర్ణీత వేగం దాటాక ఒక ఇంజన్ పోయినా రెండోదాంతో పైకి లేవగలదని రుజువు చేస్తేనే రెండింజన్ల విమానానికి సర్టిఫికెట్ ఇస్తారు. మీ ఫ్లైట్ రద్దయింది అనుమానం ఉన్న ఇంజన్‌ను ఎగరనివ్వలేదు కాబట్టి. సారె మూటలతో వెనక్కి రావడం ఎంత ఉసూరుమనిపిస్తుందో నాకు తెలుసు, కానీ భద్రత లెక్కలో అది మంచి వార్తే. నేను మా అమ్మను ఎక్కిస్తాను, విండో సీటు కూడా ఇస్తాను.

ఆ కుక్క మొరుగుడు ఇంజన్ది కాదు. ఏ320 పొట్టలో పీటీయూ అని ఒక హైడ్రాలిక్ పంపు ఉంటుంది. ఒక వైపు ఒత్తిడి తగ్గితే రెండో వైపు నుంచి శక్తి తెస్తుంది. ఒకే ఇంజన్ తిరుగుతున్నప్పుడు, రెండోది స్టార్ట్ చేసేటప్పుడు అలా మొరుగుతుంది. పంపుల మనిషి మీరు, ఈసారి చెవి పెట్టి వినండి.

మీ వాడికి: శంషాబాద్‌లో ఫ్రాన్స్ కంపెనీ శాఫ్రాన్ వాళ్లు లీప్ ఇంజన్ల రిపేరు కేంద్రం పెట్టారు, 2025 నవంబర్‌లో ప్రారంభించారు. 2035 నాటికి ఏడాదికి 300 ఇంజన్లు చూడాలన్నది వాళ్ల లెక్క, కాబట్టి మనుషులు కావాలి. విమాన మెకానిక్ లైసెన్సు కోర్సు అని లక్షలు అడిగేచోట ముందు శిక్షణ సంస్థలకు డీజీసీఏ ఇచ్చే సీఏఆర్-147 అనుమతి కాగితం చూపించమనండి, చూపించకపోతే లేచి వచ్చేయండి. డిప్లొమాతో ఎన్‌డీటీలోకి రావడం దానికంటే తక్కువ ఖర్చు. లెవెల్ వన్, లెవెల్ టూ సర్టిఫికెట్లు, పని అనుభవం గంటలు కావాలి. ఇందులో దగ్గరి చూపు పరీక్ష ఏటా ఉంటుంది, రంగుల తేడా తెలుస్తోందో లేదో కూడా చూస్తారు. ఫీజు కట్టే ముందు విజయనగరంలో కళ్ల డాక్టర్‌కు ఒకసారి చూపించండి.